ఛత్తీస్‌లో ఆరు ముందు

మొన్న హనుమకొండ చౌరస్తాలో ఆటో కోసం నిలబడి ఉంటే, ఎదురుగా కొత్తగా తెరిచిన చీరల దుకాణం నెత్తిన బిగించిన పెద్ద కరెంటు తెర మీద ఒక పెళ్ళికూతురు నీలం ముఖంతో నవ్వుతూ కనిపించింది. ముఖం నీలం, చేతులు నీలం, ఎర్రగా ఉండాల్సిన పట్టుచీర మరీ ముదురు నీలం. జడలో మల్లెపూలు మాత్రం తెల్లగానే ఉన్నాయి, జుట్టు నల్లగానే ఉంది. దారిన పోయే పిల్లలు ఫోన్లు ఎత్తి ఫొటోలు తీసుకుంటున్నారు. గల్లా దగ్గరి మనిషి బయటికొచ్చి, పైకి చూసి, తల గోక్కుని మళ్ళీ లోపలికి పోయాడు. అక్కడ నిలబడ్డ అంతమందిలో ఆ పిల్ల ఎందుకు నీలంగా మారిందో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే అయి ఉంటాను. పంపేవాడు ఎరుపును ముందు పంపుతున్నాడు, అందుకునేవాడు ముందొచ్చింది నీలమనుకుంటున్నాడు, అంతే సంగతి. రోడ్డు దాటి పోయి చెబుదామనిపించింది. కానీ చేతిలో గోకరకాయల సంచి, అందులో నోరు నొప్పి పుట్టేదాకా వాదించి కొసరుగా రాబట్టిన కొత్తిమీర, ముఖాన అరవై దాటిన వయసు. ఈ వాలకంతో పోయి మీ తెరలో రంగుల వరస తారుమారైందయ్యా అంటే, మంచినీళ్ళిచ్చి కుర్చీలో కూర్చోబెడతారు తప్ప నమ్మరు. ఇంతలో ఆటో వచ్చింది. బేరమాడకుండా ఎక్కితే నాకు ఒంటికి పడదు కాబట్టి కాసేపు బేరమాడే ఎక్కాను. ఇంటిదాకా నోట్లో ఒకటే మాట ఆడుతూ వచ్చింది: ఛత్తీస్, ఛత్తీస్.

మీలో మా ఈడువాళ్ళు, అందునా వరంగల్ బజార్లలో పెరిగినవాళ్ళు ఉంటే, ఆ రోజుల్లో మన దుకాణాల్లో లెక్క రెండు భాషల్లో నడిచేదని గుర్తుండే ఉంటుంది. మాది నూలు దుకాణం. డెబ్బైలలో కొత్తవాడ నేతగాళ్ళు షత్రంజీలకూ తివాచీలకూ కావలసిన రంగు నూలు మా వీధికి వచ్చి తీసుకుపోయేవాళ్ళు. ముందర గద్దె మీద మా బాపు, వెనక పెరట్లో రంగు కాగుల దగ్గర చాచా. చాచా మాకు చుట్టం కాదు, బాపుతో కలిసి ఆ దుకాణం పెట్టిన భాగస్వామి. అయినా నాకు ఊహ తెలిసేనాటికే చాచా అయిపోయి ఉన్నాడు. బాపు అతన్ని భాయ్ అనేవాడు, అతను బాపును కొంచెం వెక్కిరింపుగా సేటూ అనేవాడు. వాళ్ళ దగ్గర రంగులకు పేర్లు ఉండేవి కావు. పేర్లు పెడితే తగాదాలొస్తాయని, ఒకరి వంకాయ రంగు ఇంకొకరి కంటికి నేరేడు రంగు అవుతుందని, ఇద్దరూ మొదట్లోనే ఆలోచించి అరకొక నంబరు పెట్టుకున్నారట. నంబరుకు తగాదా ఎక్కడిదని వాళ్ళ ధీమా. బాపు ముప్ఫై ఆరు అంటాడు, చాచా ఛత్తీస్ అంటాడు, రెండూ ఎండుమిరపకాయ లాంటి ఆ ముదురెరుపే.

నేతగాళ్ళు పెరట్లోకి పోయి తడి రంగు చూసి ఎంచుకునేవాళ్ళు. ఎంచుకున్న నంబరును చాచా అక్కడినుంచే కేకేస్తే, బడి నుంచి వచ్చి నూలు బేళ్ళ మీద కూర్చున్న నేను దాన్ని పలక మీద రాయాలి, ఆ పలక చూసి బాపు అరలోంచి ఆ రంగు నూలు చుట్టలు, చిలపలు దింపించాలి. మొదటిసారి ఛత్తీస్ అని వినపడగానే నేను అరవై మూడు రాశాను. ఛ అంటే ఆరు కదా, తీస్ అంటే ముప్ఫై. చెవిలో ఆరు ముందు పడింది, చేయి ఆరునే ముందు రాసింది. మన తెలుగులో పెద్ద అంకె ముందు నడుస్తుంది, ఉర్దూలో చిన్న అంకె ముందు దూరుతుంది. అరవై మూడు మా దగ్గర చిలకపచ్చ. చాచా రంగు చేతులతోనే వచ్చి పలక చూసి, కడుపు పట్టుకుని నవ్వి, నా నెత్తిన మెల్లగా ఒక మొట్టికాయ వేశాడు. "జర జాగ ఇడిసి రాయ్ బేటీ! నేను పిలిస్తే ముందుగాల ఒక అంకెకు జాగ ఇడువు, ఎనకది రాయ్, గప్పుడు ముంగటికి రా." ఆనాటినుంచి చాచా గొంతు వినపడితే ఒక అంకెకు చోటు వదిలి రాయడం, బాపు గొంతు వినపడితే వరసగా రాయడం నా చేతికి అలవాటైపోయింది. జంట అంకెలొస్తే హాయి. ముప్ఫై మూడు మీగడ తెలుపు, నలభై నాలుగు నలుపు. ఎటునుంచి రాసినా అవి అవే. ఈ జంట అంకెల సంగతి కాస్త గుర్తుంచుకోండి.

ఆ బేళ్ళ మీద కూర్చుని, ముందునుంచి ఒక భాష, వెనకనుంచి ఒక భాష వింటూ, ఇద్దరి చాయ్‌లోంచీ చెరో సాసరు వసూలు చేస్తూ గడిపిన ఆ సాయంత్రాలంత నిండైన కాలం నా బతుకులో మళ్ళీ రాలేదు. అప్పుడది తెలియదు. అప్పుడు నాకు తెలిసిందల్లా బాపు సాసరులోకంటే చాచా సాసరులో చక్కెర ఎక్కువని.

తర్వాత నేను కంప్యూటరు చదువని హైదరాబాదు పోయాను. పలక దగ్గర కొత్త గుమాస్తా కూర్చున్నాడు. జాగ వదిలే సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు; చెప్పవలసిన విద్య అది అని ఎవరికీ తోచి ఉండదు. ఒక పెద్ద హాలుకు పరిచే తివాచీ కోసం చాచా ఛత్తీస్ అని కేకేస్తే అరవై మూడు పోయింది. నేసేవాళ్ళు తమకిచ్చిన నూలు తాము నేశారు. ఎర్రగా రావలసిన అంచు నిలువునా చిలకపచ్చగా వచ్చింది. రంగు ఎంచడానికి తానే పెరట్లోకి వచ్చిపోయిన పెద్దమనిషి, ఆ తివాచీ నేయించుకున్నాయన, దుకాణం ముందు నిలబడి అరుస్తుంటే, బాపు లోపలికి పోయి చాచాను అడగలేదట. ఆ పెద్దమనిషినే అడిగాడట, "భాయ్ నీ ముంగట ఏం నంబర్ చెప్పిండు?" అని. పెరటి గుమ్మంలో నిలబడి చాచా ఆ మాట విన్నాడు. నేను సెలవులకు వచ్చేసరికి దుకాణానికీ పెరటికీ నడుమ చెక్కగోడ లేచి ఉంది. చాచా వెనక సందులోకి వేరే తలుపు పెట్టుకున్నాడు. నంబరు కాడ చెడ్డారని బజారంతా చెప్పుకుంది, నేనూ అదే అనుకున్నాను.

ఎనభైల చివర్లో చదువు ముగించుకుని ఇంటికొస్తే, మా మేనమామ నాకు ఉద్యోగం సిద్ధం చేసి పెట్టాడు. మామ ఏ కొత్త వస్తువు కనపడినా ఏజెన్సీ తీసుకునే రకం. మిక్సీలయ్యాయి, నీళ్ళ మోటార్లయ్యాయి, అప్పటికి కంప్యూటర్ల వంతు వచ్చింది. తివాచీ నేయకముందే దాని బొమ్మను తెర మీద రంగుల్లో చూపిస్తే డీలర్లు అక్కడికక్కడే ఎంచుకుంటారని అతని ఊహ. సుబేదారిలో ఒక టైర్ల దుకాణం మీద చిన్న గది తీసుకున్నాడు. కంప్యూటరుకూ రంగుల తెరకూ మధ్య ఉండి, ఇటు సంగతి అటు చేరవేసే ప్రోగ్రాం ఒకటి రాయడం నా పని. దాన్ని మావాళ్ళు డ్రైవర్ అంటారు. అమ్మ వీధిలో గొప్పగా, మా పిల్ల డ్రైవర్ రాస్తున్నది అని చెబితే, పక్కింటామె ఏ బస్సు, నర్సంపేటదా జనగామదా అని అడిగింది.

నవ్వుకోవడానికి బాగానే ఉంది గానీ, ఆ గదిలో నేను చాలా ఒంటరిదాన్ని. నాతోపాటు పనిచేసే అన్న ఒకడుండేవాడు. అతను కాజీపేటలో రైలెక్కి బెంగళూరు పోయాక, ఇవాళ ఏం చేశావు అని అడిగితే నిజం జవాబు చెప్పగలిగిన మనిషి నాకు ఊళ్ళో మిగల్లేదు. కరెంటు పోయి కూలరు ఆగినప్పుడు ఆ నిశ్శబ్దంలో నా ఊపిరి నాకే వినపడేది. ఇంటికొస్తే బాపు గోడకేసి చూస్తూ అన్నం తినేవాడు. చెక్కగోడ లేచాక ఆయన మాటలు సగానికి తగ్గాయి. చాచా సందు తలుపు దగ్గర ఎదురైతే నెత్తిన చేయి పెట్టి బాగున్నవా బేటీ అనేవాడు, లోపలికి రమ్మనేవాడు కాదు. ఒకప్పుడు ఇద్దరి నడుమ కూర్చున్న నాకు ఇప్పుడు కూర్చోవడానికి నడుమ అనేదే లేదు. అందుకే ఎంత ఉక్కపోసినా సుబేదారి గది నాకు ముద్దు. అక్కడ కనీసం నేను నడిపేది ఒకటుంది.

ఆ గదికి ఎసరు వచ్చింది కొత్త మిషన్‌తో. మామ ముచ్చటపడి తెచ్చిన దాని మీదికి, పాత మిషన్‌లో నేను గీసి దాచిన తివాచీలన్నీ ఎక్కించి తెర మీద వేస్తే, ఎర్ర అంచు పచ్చబడింది, పచ్చ లతలు ఊదా అయ్యాయి, నెమళ్ళు ఏ జబ్బుతోనో తీసుకుంటున్నట్టున్నాయి. మామ నడుం మీద చేతులు పెట్టుకుని చూసి, "కోడలా, వచ్చే వారం డీలర్లొస్తున్నరు. అప్పటికి గిది ఎర్రగ గాకుంటె మిషన్ వాపస్, గదికి తాళం" అన్నాడు. నేను నెల అడిగాను. అతను వారం దగ్గర బిగుసుకున్నాడు. చివరికి డీలర్ల రాకను కాస్త జరిపి పదిహేను రోజులకు తెగింది. నిజానికి పది రోజులు చాలనుకుని లోలోపల మురిసిపోయానుగానీ, ఆ పది రోజులూ ఎటు పోయాయో తెలియకుండా పోయాయి. ట్రంక్‌కాల్ చేసి కొత్త మిషన్ అమ్మినవాళ్ళనడిగితే, మా మిషన్ కరెక్టే మేడమ్, మీ పాతదే తప్పయి ఉంటుంది అన్నారు. పాతదాని వాళ్ళనడిగితే వాళ్ళూ ఇదే పాట. ఇద్దరూ కరెక్టే, నడుమ నా తివాచీ మాత్రం పచ్చగా ఉంది.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చి, తెర మీద అదే తివాచీ మళ్ళీ వెలిగింది. నేను టిఫిను డబ్బా ముందు పెట్టుకుని తింటూ, ఏడ్చేంత విసుగుతో దాన్నే చూస్తున్నాను. అంచు పొడవునా వేసిన తెల్ల గీత తెల్లగానే ఉంది. దాని పక్క నల్ల గీత నల్లగానే ఉంది. మిగతా రంగులన్నీ చెడి ఈ రెండే ఎందుకు చెడలేదు? ముద్ద చేతిలోనే ఉండిపోయింది. జంట అంకెలు!

తెర మీది ఒక్కొక్క చుక్క రంగూ కంప్యూటరుకు ఒక పెద్ద సంఖ్య. ఆ సంఖ్య ఒక గూట్లో పట్టదు, అందుకని రెండు సగాలు చేసి పక్కపక్క గూళ్ళలో పెడుతుంది. పాత మిషన్ పెద్ద సగాన్ని ముందు గూట్లో పెట్టేది, మా బాపులాగా. కొత్తది చిన్న సగాన్ని ముందు పెట్టేది, మా చాచాలాగా. తెలుపుకూ నలుపుకూ రెండు సగాలూ ఒకటే గనుక ఎటు చదివినా అవి చెడవు. ఎవరూ తప్పు చెప్పడం లేదు. నడుమ కూర్చున్న నా డ్రైవరే, ఆ గుమాస్తాలాగా, జాగ విడిచి రాయడం తెలియక విన్నది విన్నట్టు రాసుకుపోతోంది.

చేయి కడుక్కోవడం కూడా మరిచి సగాలు తిప్పే నాలుగు ముక్కలు రాశాను. బొమ్మను చదివే చోట తిప్పాను, ఎందుకైనా మంచిదని తెరకు పంపే చోట కూడా తిప్పాను. తెర వెలిగింది. మళ్ళీ అదే పచ్చ. బజారులో పుట్టి పెరిగిన తెలివిగలదాన్ని, రెండుసార్లు తిప్పితే మొదటికే వస్తుందని తోచడానికి చాలాసేపు పట్టింది. ఒకటి తీసేశాను. అంచు ఎర్రబడింది. ఎండుమిరపకాయ ఎరుపు, మా అరలోని ఎరుపు. ఖాళీ గదిలో గట్టిగా ఛత్తీస్ అన్నాను. కూలరు తప్ప పలికినవాళ్ళు లేరు.

ఎవరికన్నా చెప్పకపోతే ప్రాణం పోయేట్టుంది. తిన్నగా దుకాణానికి పోయాను, మిషన్ సంగతి చెప్పడానికి కాదు, అసలు సంగతి చెప్పడానికి. ఇన్నేళ్ళ తగాదాకు మందు నా చేతిలో ఉందనుకున్నాను. చాచా చెప్పిందీ సరే, నువ్వు ఇచ్చిందీ సరే, పలక మీదే తప్పు జరిగింది బాపూ అని ఊపిరి తిప్పుకోకుండా చెప్పాను. బాపు చిలపలు కట్టలు కడుతూ తల కూడా ఎత్తలేదు. "గా సంగతి నాకెర్కే బిడ్డా. గుమాస్తా ఎనకా ముందు రాసిండని మర్నాడే సమజైంది." మరి ఇంకేమిటి అన్నాను. "మరేంది, గోడ ఆయన పెట్టుకున్నడు. ముందుగాల ఆయన్ను రమ్మను."

వెనక సందులోకి పోయాను. చాచా కాగులో కర్ర తిప్పుతూ అంతా విని నవ్వాడు, చిన్నప్పటి నవ్వు కాదు. "నంబర్ ఫికర్ ఎవరికున్నది బేటీ? సేటు నన్నడగలె. బయటోణ్ణి అడిగిండు." కాసేపు కర్ర తిప్పి, "ముందుగాల ఆయన్ను రమ్మను" అన్నాడు.

మామ నుంచి పదిహేను రోజులు లాక్కుని నేను కనుక్కున్న రహస్యం ఇద్దరికీ పాతదే. ఆ చెక్కగోడ అంకెల కోసం లేచింది కాదు. ఏ అంకె ముందు అన్నది మిషన్ల తగాదా, ఎవరు ముందు అన్నది వీళ్ళది. పోనీ ఇద్దరినీ ఒకేసారి కదిలిస్తే, ఈయన సందులోకీ ఆయన దుకాణానికీ పోయి, ఖాళీ కుర్చీ చూసి తిరిగొస్తారు. రెండుసార్లు తిప్పిన తెలివి అప్పటికి తాజాగానే ఉంది నాకు. కాబట్టి మూడో చోటు కావాలి. తెర మీది రంగు నూలు రంగుతో సరిపోయిందో లేదో డీలర్లు రాకముందే చూడాలి కదా, ఆ వంక పెట్టుకున్నాను. చిలపలు నువ్వే పట్టుకురావాలి అని బాపుతో, నీ కన్ను కావాలి అని చాచాతో. అక్కడ రెండో మనిషి కూడా ఉంటాడని ఇద్దరికీ చెప్పే చెప్పాను. బాపు తాను ముందు మాట్లాడనన్నాడు, ఒప్పుకున్నాను. చాచా ఒకే బల్ల మీద కూర్చోనన్నాడు, ఒప్పుకున్నాను. అన్ని షరతులకూ తలూపే మనిషితో బేరం చేయొద్దని నాకు నేర్పింది బాపే, ఆ పూట తానే మరిచిపోయాడు.

ఇద్దరూ వచ్చారు. వచ్చి మెట్ల కింద ఆగిపోయారు. ఆ మెట్లు ఒక మనిషి పట్టేంత ఇరుకు; ఎవరో ఒకరు ముందు ఎక్కాలి. ఒకాయన చిలపల వంక, ఒకాయన టైర్ల వంక చూస్తూ నిలబడ్డారు. నేను పైమెట్టు దగ్గరినుంచి చూస్తున్నాను. అంతలో మామ స్కూటరు దిగి పరుగున వచ్చి, "అరె, తొవ్వకు అడ్డం నిలబడ్డరేందే, నడువుండ్రి" అని వెనకనుంచి తోసేసరికి ఇద్దరూ ఆ ఇరుకులో భుజాలు ఒరుసుకుంటూ ఒక్కసారే పైకి వచ్చి పడ్డారు.

తివాచీ వేశాను. బాపు ఎర్ర చిలప తీసి తెర పక్కన పట్టాడు. చాచా కళ్ళు చికిలించి ముందుకు వంగాడు. ముప్ఫై ఆరే, అని ఒక గొంతు, ఛత్తీసే, అని ఒక గొంతు, ఒక్కసారే వినపడ్డాయి. ఎవరు ముందన్నారో నడుమ నిలబడిన నాకే తెలియలేదు. తర్వాత చాచా తెరతో మాట్లాడుతున్నట్టే అన్నాడు: "జర నలుపు తిరిగింది సేటూ." బాపు చిలపతో మాట్లాడుతున్నట్టే అన్నాడు: "నీ కాగుల ఉడికింది గాదు గద భాయ్, డబ్బల ఉడికింది." చాచా భుజాలు కదిలాయి. బాపు ముఖం అటు తిప్పుకున్నాడుగానీ మీసం ఆగలేదు.

తర్వాత ఇద్దరూ కదిలారు. ఇప్పుడొచ్చే రంగు పొడిలో సత్తువ లేదని ఒకరు, నీళ్ళలోనే తేడా అని ఒకరు, చాయ్ తాగుదాం పా అని ఎవరో, మాటలు మెట్లు దిగి రోడ్డెక్కి మలుపు తిరిగి పోయాయి. నన్ను రమ్మనడం మరిచారు. చిలపలు కూడా మరిచారు. ఆ పచ్చ ఎలా ఎర్రబడిందని ఇద్దరిలో ఎవరూ అడగలేదు. నేను చిలపలు ఒళ్ళో పెట్టుకుని తెర ముందు చాలాసేపు కూర్చున్నాను. సంతోషం లేదని అబద్ధం చెప్పను. కానీ నడుమ ఉండే పని తీరు అంతేనని ఆ రోజు తెలిసింది. తప్పు జరిగినంత కాలమే అది నలుగురికీ కనపడుతుంది, సరిగ్గా నడిస్తే ఉన్నట్టే ఎవరికీ తెలియదు.

డీలర్లు వచ్చారు, చూశారు, తలలూపారు. గది మరికొన్నాళ్ళు నిలబడింది. తర్వాత మామకు ఇంకేదో ఏజెన్సీ దొరికింది, నేను వేరే ఉద్యోగాల వెంట పోయాను. చెక్కగోడను వాళ్ళు తీయలేదు. దానికి కిటికీ కోశారు. ఆ కిటికీలోంచి నంబర్లూ చాయ్ గ్లాసులూ అటూ ఇటూ నడిచేవి. ఎవరు ముందన్న పంతం ఆఖరున చాచాయే తీర్చాడు. ముందు ఆయన పోయాడు. బాపు కూడా ఎంతో కాలం ఆగలేదు.

ఇప్పుడు మిషన్లు తమ వరసలు తామే చూసుకుంటున్నాయి, చాలావరకు. నడుమ కూర్చుని తిప్పేవాళ్ళ అవసరం ఎవరికీ పట్టదు. దుకాణాల్లో రంగులకు ఇంగ్లీషు పేర్లు, నంబర్లకు ఇంగ్లీషు అంకెలు. ముందునుంచి ఒకటి, వెనకనుంచి ఒకటి వినపడే ఆ రెండు లెక్కల సందడి నా చెవుల్లోనే మిగిలింది. ఎవరైనా ఫోన్ నంబరు చెబితే ఇప్పటికీ నా పెన్ను ఒక అంకెకు జాగ విడిచి మొదలుపెడుతుంది. విడిచిన జాగ అలాగే ఉండిపోతుంది.

నిన్న పనేమీ లేకపోయినా మళ్ళీ చౌరస్తాకు పోయాను. పెళ్ళికూతురు బాగైపోయింది. ముఖం ముఖంలా ఉంది, చీర ఎర్రగా ఉంది, ఎవరూ తలెత్తి చూడడం లేదు. ఎక్కడో ఏ గదిలోనో ఎవరో కూర్చుని తిప్పి ఉంటారు. ఎర్రబడగానే చెప్పుకోవడానికి వాళ్ళ పక్కన ఎవరన్నా ఉన్నారో లేదో. అలా చూస్తూ చూస్తూ నాకు తెలియకుండానే పైకి అనేసినట్టున్నాను, ఛత్తీస్ అని. పక్కన ఆగి ఉన్న ఆటోలోంచి ముసలి డ్రైవరు తల బయటపెట్టాడు.

"ఛత్తీస్‌కు ఎవలొస్తరమ్మా గీ కాలంల? పచాస్ ఇయ్యి, కూసో."

బేరమాడకుండా ఎక్కి కూర్చున్నాను.